ఎంతవరకు తెలుసో చెప్పే చదువు

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ పూర్తిచేసిన పిల్లవాడు ఇంజనీరింగ్ వద్దు, బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరతానంటే మన ఇళ్లలో ముందుగా వినిపించే ప్రశ్న 'అది చదివి ఏం చేస్తావురా?' అని. ఆ ప్రశ్నను తీసిపారేయడానికి వీల్లేదు. మూడు నాలుగేళ్ల వయసూ, తల్లిదండ్రుల కష్టార్జితమూ పెడుతున్నప్పుడు చేతికేం వస్తుందని అడగడం న్యాయమే. లోపం మనం చెప్పే జవాబుల్లో ఉంది. బీఈడీ చేసి టీచర్ కావచ్చు, ఎమ్మెస్సీ చేసి లెక్చరర్ కావచ్చు, ఇస్రోలోనో బార్క్‌లోనో సైంటిస్టు కావచ్చు అంటాం. ఇవన్నీ ఉద్యోగాల పేర్లు. ఆ చదువు మనిషికి ఏ సామర్థ్యాన్ని ఇస్తుందో వీటిలో ఎక్కడా లేదు. ఇంకొందరు 'ఫిజిక్స్ ఆలోచించడం నేర్పుతుంది' అంటారు. ఏ చదువైనా నేర్పవలసింది అదే కాబట్టి ఆ మాటతోనూ పని జరగదు. నా మటుకు నాకు ఫిజిక్స్ డిగ్రీ ఇవ్వగల అసలు విద్య ఒకటి కనిపిస్తుంది. ఒక మాట చెప్పినప్పుడు, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో దానితోపాటే చెప్పగలగడం. కొలవడం, అంచనా కట్టడం, గ్రాఫ్ గీయడం, ప్రోగ్రాం రాయడం, వైవాలో నిలబడి జవాబు చెప్పడం, అన్నీ చివరికి ఆ అలవాటు కోసమే. దాన్ని నేర్పినంత మేరకే ఆ డిగ్రీకి విలువ ఉంటుందని నా వాదన.

అందరికీ తెలిసిన లఘులోలకాన్నే తీసుకుందాం. దారానికి లోహపు గుండు కట్టి, మీటరు పొడవున వేలాడదీసి, ఊపి, ఒక డోలనానికి పట్టే కాలాన్ని బట్టి గురుత్వ త్వరణం విలువ కట్టాలి. ఆ పొడవుకు ఒక డోలనం దాదాపు 2 సెకన్లు. కన్ను చూసినదానికీ, స్టాప్ క్లాక్ మీద వేలు నొక్కినదానికీ మధ్య సుమారు 0.2 సెకను తేడా ఉందనుకుందాం. ఒక్క డోలనాన్నే కొలిస్తే 2 సెకన్లలో 0.2 సెకను, అంటే పది శాతం పొరపాటు. సూత్రంలో కాలం వర్గంగా ఉంటుంది కాబట్టి జవాబులో అది సుమారు ఇరవై శాతమవుతుంది. 9.8 రావలసిన చోట 8 వచ్చినా 12 వచ్చినా ఆశ్చర్యం లేదు. అదే ఇరవై డోలనాలను కలిపి కొలిస్తే వేలు చేసే పొరపాటు అప్పుడూ 0.2 సెకనే. కానీ అది ఇప్పుడు 40 సెకన్లలో పొరపాటు. కాలంలో అర శాతం, జవాబులో ఒక శాతం. గడియారం అదే, మనిషి అదే, పైసా ఖర్చు పెరగలేదు. తన చేతికున్న పరిమితిని ముందే లెక్కలోకి తీసుకుని కొలవడం వల్ల జవాబు మీద నమ్మకం ఇరవై రెట్లు పెరిగింది. అంతటితో పాఠం అయిపోలేదు. దారం పొడవును మిల్లీమీటరు వరకు కొలిచాం, అక్కడి పొరపాటు శాతంలో పదో వంతే. అంటే ఇంతకంటే మంచి స్కేలు కొనడం వల్ల ఒరిగేదేమీ లేదు, శ్రద్ధంతా కాలం కొలత మీద పెట్టాలి. ఏది సరిచేస్తే ఫలితం బాగుపడుతుందో, దేని మీద శ్రమపడినా వృథాయో తెలియడం ఆసుపత్రి నడిపేవాళ్లకూ, పథకాలు రచించే అధికారులకూ అంతే అవసరం.

ఇదే ప్రయోగంలో ఇంకో మెట్టుంది. లోలకం పొడవంటే దారం వేలాడదీసిన చోటి నుంచి గుండు కేంద్రం వరకు. ఒక విద్యార్థి పొరపాటున గుండు పైభాగం దాకానే కొలిచాడనుకుందాం. గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరు. ఒక్క పొడవుతో లెక్క కడితే జవాబు ఒక శాతం తగ్గుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో ఎప్పటికీ బయటపడదు. అలా కాక అయిదారు పొడవులకు కాలం కొలిచి, పొడవుకూ కాలవర్గానికీ గ్రాఫ్ గీస్తే సరళరేఖే వస్తుంది, కానీ అది మూలబిందువు గుండా పోదు. వెనక్కి పొడిగిస్తే పొడవు అక్షాన్ని సున్నాకు ఎడమవైపు ఒక సెంటీమీటరు దూరంలో తాకుతుంది. రేఖ వాలు మాత్రం చెక్కుచెదరదు, దాని నుంచి కట్టిన గురుత్వ త్వరణం సరిగ్గానే ఉంటుంది. అంటే ఆ గ్రాఫ్ మూడు పనులు చేసింది: సరైన జవాబిచ్చింది, తప్పు జరిగిందని చెప్పింది, ఆ తప్పు ఎంతో కూడా చెప్పింది. ఈ సంగతి ఒకసారి తలకెక్కిన మనిషి తర్వాత అమ్మకాల లెక్కలు చూసినా, రోగుల వివరాలు చూసినా, ఒక్క అంకెతో తృప్తిపడడు. నాలుగైదు పరిస్థితుల్లో ఆ అంకె ఎలా మారుతోందో చూపించమంటాడు. తప్పులు ఒక్క కొలతలో దాక్కున్నట్టు వరసలో దాక్కోలేవని అతనికి తెలుసు.

డిగ్రీ ల్యాబ్‌లో చేసే న్యూటన్ వలయాల ప్రయోగం ఇంకో నేర్పు నేర్పుతుంది. కుంభాకార కటకాన్ని గాజు పలక మీద పెట్టి సోడియం దీపపు కాంతి పంపితే నల్లని, పసుపుపచ్చని వలయాలు కనిపిస్తాయి. వాటి వ్యాసాలు కొలిచి కాంతి తరంగదైర్ఘ్యం కట్టాలి. చిక్కేమిటంటే కటకానికీ పలకకూ మధ్య ఎక్కడో ఓ దుమ్ము కణం ఉంటుంది. ఆ సందు ఎంతో మనకు తెలియదు, కొలవలేం. అందుకని ఒక్క వలయం వ్యాసాన్ని నమ్ముకోకుండా, రెండు వలయాల వ్యాసాల వర్గాల తేడా తీసుకుంటాం. ఆ తీసివేతలో తెలియని సందు రెండు వైపులా సమానంగా ఉండి కొట్టుకుపోతుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించనక్కర్లేదు, దాని ప్రమేయం లేకుండా పని జరిగే దారి వెతకవచ్చు. ఉజ్జాయింపుల సంగతీ ఇలాంటిదే. లోలకం సూత్రం చిన్న కోణాలకే సరిపోతుందని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. మంచి అధ్యాపకుడు అక్కడ ఆగి, ఆ చిన్నతనం ఖరీదెంతో లెక్క కట్టిస్తాడు. 10 డిగ్రీల దాకా ఊపితే కాలంలో వచ్చే తేడా 0.2 శాతం లోపు, 30 డిగ్రీలు ఊపితే 1.7 శాతం. వదిలేయడం తప్పు కాదు. ఎంత వదిలేశామో తెలియకుండా వదిలేయడం తప్పు.

కొలవడానికి పరికరమే లేనప్పుడు ఇదే అలవాటు అంచనా రూపంలో పనికొస్తుంది. 1945 జులై 16న అమెరికాలో తొలి అణు విస్ఫోటన పరీక్ష జరిగినప్పుడు భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో నిలబడి, పేలుడు గాలి తాకే వేళకు కొన్ని కాగితం ముక్కలు జారవిడిచాడు. అవి రెండున్నర మీటర్లు పక్కకు జరిగి పడటం చూసి, పేలుడు పదివేల టన్నుల టీఎన్‌టీకి సమానమై ఉంటుందని అంచనా కట్టాడు. తర్వాత తేలింది దానికి సుమారు రెట్టింపు. రెట్టింపు తేడా వచ్చినా అది గొప్ప అంచనాయే, ఎందుకంటే వెయ్యి టన్నులా, పదివేలా, లక్షా అన్నదే అప్పటి ప్రశ్న. ఈ విద్యకు ఫెర్మి అంతటివాడే కానక్కర్లేదు. ఇంటి పైకప్పు మీద ఒక కిలోవాట్ సోలార్ ప్యానెల్ పెడితే రోజుకు పది యూనిట్లు వస్తాయని ఎవరైనా అమ్మజూపితే, ఫిజిక్స్ చదివిన అమ్మాయి నోటితోనే లెక్క కట్టగలదు. ఒక కిలోవాట్ ప్యానెల్ పది యూనిట్లు ఇవ్వాలంటే నడినెత్తి ఎండ పది గంటలు కాయాలి. మన ఎండ రోజంతా కలిపినా అయిదారు గంటల నడినెత్తి ఎండకు సమానం, వేడికీ దుమ్ముకూ తీసేస్తే నాలుగు యూనిట్ల దగ్గర తేలుతుంది. ఆ అమ్మాయికి సోలార్ వ్యాపారం తెలియనక్కర్లేదు. చెప్పిన అంకె ప్రకృతి పరిధిలో ఉందా లేదా అని అడగడం తెలిస్తే చాలు.

ఈ అలవాటు ఎంత దూరం వెళ్తుందో 2011 సెప్టెంబరులో ప్రపంచమంతా చూసింది. జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ గ్రాన్ సాసో ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు, కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ఒపేరా అనే ప్రయోగ బృందం కొలతల్లో వచ్చింది. కాంతికి ఆ దూరం దాటడానికే దాదాపు 2.4 మిల్లీసెకన్లు పడుతుంది, అందులో ఇది లక్షలో రెండు మూడు వంతుల తేడా. నిజమైతే ఐన్‌స్టీన్ సాపేక్షత పునాదులే కదులుతాయి. ఆ బృందం నెలల తరబడి తమ లెక్కలను తామే పరీక్షించి, తప్పు దొరకక, ఫలితాన్ని బయటపెట్టి, మీరూ వెతకండని మిగతా శాస్త్రవేత్తలను కోరింది. కొత్త సత్యం కనిపెట్టామని చాటుకోలేదు. 2012లో ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ్గా బిగించకపోవడం వల్ల కాలం కొలతలో తేడా వచ్చిందని బయటపడింది. మళ్లీ కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగాన్ని దాటలేదు. చాలామంది దీన్ని భంగపాటుగా చూశారు. నాకు మాత్రం ల్యాబ్‌లో గుండు వ్యాసార్ధం మరిచిపోయి, గ్రాఫ్ చూసి తప్పు దిద్దుకునే కుర్రవాడి చదువే అక్కడ పెద్ద రూపంలో కనిపిస్తుంది.

ఇంత పట్టుగా అలవాటైన విద్య ఆ సబ్జెక్టు దగ్గరే ఆగిపోదు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం హైదరాబాద్ నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరి, కాంతి పరిక్షేపణం మీద పనిచేశారు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫిజిక్స్ చెప్పారు, ఉస్మానియాకు వైస్ చాన్సలర్ అయ్యారు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌ను నడిపారు, 1960లలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా దేశ రక్షణ పరిశోధనకు నాయకత్వం వహించారు. వెంకట్రామన్ రామకృష్ణన్ 1971లో బరోడాలో బీఎస్సీ ఫిజిక్స్ చేశారు, అమెరికాలో ఫిజిక్స్‌లోనే డాక్టరేట్ తీసుకున్నారు, ఆ తర్వాత జీవశాస్త్రంలో మళ్లీ విద్యార్థిగా చేరారు. 2009లో రైబోజోమ్ నిర్మాణంపై పరిశోధనకు ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతి రసాయన శాస్త్రంలోది. 2020 ఏప్రిల్‌లో, ఒకప్పుడు లైప్‌జిగ్‌లో ఫిజిక్స్ చదివిన జర్మనీ చాన్సలర్ ఏంజెలా మెర్కెల్ కరోనా గురించి ప్రజలకు చెప్పిన తీరూ గుర్తుచేసుకోదగినదే. ఒక్కో రోగి నుంచి సగటున 1.1 మందికి సోకితే అక్టోబరు నాటికి, 1.2 అయితే జులై నాటికి, 1.3 అయితే జూన్ నాటికే ఆసుపత్రులు నిండిపోతాయని ఆమె వివరించారు. భయపెట్టలేదు, భరోసాలూ ఇవ్వలేదు. చిన్న అంకె కాస్త మారితే ఫలితం ఎంత మారుతుందో చూపించారు. గ్రాఫ్ చదవడం వచ్చిన మనిషి మాట అది.

ఇలాంటి ప్రముఖులను చూపించి ఒక డిగ్రీని పొగడటం సరికాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ప్రతిభావంతులు ఏ చదువు చదివినా రాణిస్తారు. వారి పేర్లతో నేను చెప్పదలచింది ఒక్కటే: ఈ చదువు రంగం మారినా వెంట వస్తుంది. అలాగే, తర్కం చరిత్రా నేర్పుతుంది, న్యాయశాస్త్రమూ నేర్పుతుంది, గణితమైతే అందరికంటే కఠినంగా నేర్పుతుంది, ఫిజిక్స్ ప్రత్యేకత ఏమిటని అడగవచ్చు. తర్కం ఫిజిక్స్ సొత్తు కాదు, నిజమే. తేడా ఎక్కడంటే, గణితంలో మెట్లన్నీ సరిగ్గా ఉంటే జవాబు సరైనదే. ఫిజిక్స్‌లో మెట్లన్నీ సరిగ్గా ఉన్నా ప్రకృతి కాదనవచ్చు. చరిత్రలో, న్యాయంలో ఆధారాలను తూచడం ఉంది, కానీ అదే సంఘటనను రేపు పొద్దున మళ్లీ జరిపించి చూడటం కుదరదు. ఫిజిక్స్ విద్యార్థి మాత్రం వాదించి గెలవలేని ప్రతివాదితో మూడేళ్లు గడుపుతాడు. స్పెక్ట్రోమీటర్ రీడింగ్ ఎవరి హోదానూ చూడదు, లెక్చరర్‌కైనా విద్యార్థికైనా ఒకేలా కనిపిస్తుంది. ఆ అనుభవం మరో చదువులో ఇంత చవగ్గా, ఇంత తరచుగా దొరకదు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఇంకోటుంది. ఫిజిక్స్ చదివినవాళ్లకు అణకువకు బదులు అతి విశ్వాసం వస్తుందని, ఇతర రంగాల్లోకి దూరి అక్కడివాళ్ల మాట వినరని. ఇందుకు పెద్ద ఉదాహరణే ఉంది. 1862లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ భూమి చల్లబడే వేగాన్ని బట్టి దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య ఉంటుందని లెక్క కట్టాడు, తర్వాత దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. రాతిపొరలు చదివిన భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ కాలం చాలదన్నా ఆయన లెక్క ముందు వారి మాట చెల్లలేదు. నిజానికి భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. కెల్విన్ గణితంలో తప్పు లేదు. భూమి లోపలి వేడి ఘనపదార్థంలో పాకినట్టే పైకి వస్తుందన్న ఊహలో తప్పుంది. 1895లో ఆ ఊహనే ప్రశ్నించిన జాన్ పెర్రీ ఒకప్పుడు కెల్విన్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే. కెల్విన్ జవాబుకు హద్దులు పెట్టాడు, కానీ ఆ హద్దుల్లో తనకు తెలిసిన పొరపాట్లే ఉన్నాయి, ఊహ తప్పయితే ఏమవుతుందన్నది లేదు. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదనను కొట్టేయదు, దాన్ని పూర్తి చేస్తుంది. ఎంతవరకు తెలుసో చెప్పడమంటే అంకె పక్కన ఇంకో అంకె రాయడం మాత్రమే కాదు. ఏయే ఊహల మీద నిలబడి చెబుతున్నామో విప్పి చెప్పడం, ఆ ఊహలను మనకంటే బాగా ఎరిగినవాళ్లను అడగడం కూడా అందులో భాగం. మంచి ఫిజిక్స్ పాఠం కెల్విన్ విజయాలతోపాటు ఈ తప్పునూ చెప్పాలి.

లెక్కలన్నీ కంప్యూటర్లు, కృత్రిమ మేధ చేసేస్తున్న రోజుల్లో ఇదంతా ఎందుకన్న మాటకు జవాబు చిన్నదే. యంత్రం సరైన జవాబునూ, తప్పు జవాబునూ ఒకే ధీమాతో ఇస్తుంది. ఆ అంకె ఉండవలసిన పరిధిలో ఉందా, ఏ ఊహ మీద వచ్చింది, ఇంకో దారిలో సరిచూడవచ్చా అని అడగగలిగే మనిషి అవసరం తగ్గదు, పెరుగుతుంది. ఉద్యోగాల విషయంలో మాత్రం దాపరికం పనికిరాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉత్త బీఎస్సీ ఫిజిక్స్ పట్టాకు నేరుగా దొరికే కొలువులు తక్కువ. డిగ్రీతోపాటు ప్రోగ్రామింగో, ఎలక్ట్రానిక్సో, గణాంక శాస్త్రమో చేతికి రావాలి, లేదా పై చదువుకు వెళ్లాలి. ఆ నిజం చెప్పకుండా పిల్లలను చేర్చుకోవడం అన్యాయం. కానీ అవన్నీ తొందరగా పట్టుబడటానికి కావలసిన పునాది ఈ చదువులో ఉంది. ఇంటర్వ్యూలో 'న్యూటన్ వలయాలు చేశాను' అంటే ఎదుటివారికి ఏమీ తెలియదు. 'తెలియని పొరపాటు ఫలితంలోకి రాకుండా కొలతను ఎలా రూపొందించాలో చేసి చూశాను' అంటే తెలుస్తుంది. మన విద్యార్థుల దగ్గర విద్య ఉండి కూడా దాని పేరు చెప్పడం రాదు, ఎందుకంటే ఆ పేరు వాళ్లకెవరూ చెప్పలేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మన కాలేజీల నుంచే వస్తుంది. ఈ చెప్పినవన్నీ మన ల్యాబుల్లో నిజంగా జరుగుతున్నాయా? చాలాచోట్ల జరగడం లేదు. సోడియం కాంతి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లని ముందే తెలుసు కాబట్టి, విద్యార్థి జవాబు నుంచి వెనక్కి వచ్చి రీడింగులు రాసుకుంటాడు. సీనియర్ రికార్డు జూనియర్‌కు, జూనియర్ రికార్డు ఆ తర్వాతి బ్యాచ్‌కు చేతులు మారుతుంది. పరికరం పాడైనా ప్రాక్టికల్స్ పరీక్షలో 5890, 5895 లాంటి ముచ్చటైన జవాబులే వస్తాయి, వాటికే మార్కులు పడతాయి. ఇందులో పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. నిజాయితీగా 6100 రాసినవాడికి మార్కులు కోసి, కల్పించి 5893 రాసినవాడికి పూర్తి మార్కులు వేస్తే వాళ్లు నేర్చుకునేది అదే. ఫలితం నచ్చేలా అంకెలు మార్చడం అలవాటైన యువకుడు రేపు ఔషధ పరీక్షలోనో, వంతెన నాణ్యత నివేదికలోనో, ఎన్నికల సర్వేలోనో అదే చేస్తాడు. అంటే ఈ చదువు ఇవ్వవలసిన ఒక్క విద్యకు సరిగ్గా వ్యతిరేకమైనది మన చేతులతోనే నేర్పుతున్నాం. సిలబస్ మార్చితే, నాలుగేళ్ల ఆనర్స్ పెడితే, కొత్త పరికరాలు కొంటే ఇది పోదు. మార్కులు వేసే తీరు మారితే పోతుంది.

అందుకే ఫిజిక్స్ చెప్పే అధ్యాపకులకు, ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చే ఎగ్జామినర్లకు ఒక విన్నపం. జవాబు పుస్తకం విలువకు ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులు వేయకండి. తనకు వచ్చిన విలువను ఎంతవరకు నమ్మవచ్చో, తేడా ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో విద్యార్థి చెప్పగలిగాడా అని చూసి వేయండి. విద్యార్థులకు చెప్పేది, మీ రికార్డు మీరే రాయండి, వచ్చిన అంకెను వచ్చినట్టే రాయండి. తల్లిదండ్రులకు చెప్పేది, 'ఏం చేస్తావురా' అని అడగడంతో ఆగకుండా, ఆ కాలేజీ ల్యాబ్‌లో పిల్లలు నిజంగా ప్రయోగాలు చేస్తున్నారా అని కూడా కనుక్కోండి. చేస్తున్న కాలేజీ అయితే భయం లేకుండా చేర్చండి. చేయని కాలేజీలో ఇచ్చే ఫిజిక్స్ పట్టా ఎంత మంచి మార్కులతో వచ్చినా ఫిజిక్స్ చదివినట్టు కాదు.